పిల్లలూ, పెట్టెలూ, ప్రయాణమూ

1987 వేసవిలో మా పెద్దాడపడుచు కూతురి పెళ్ళికి వెళ్తూ ఒక పెద్ద జంక్షనులో బండి దిగాం. అక్కడ ఇంకో బండి పట్టుకోవాలి. మధ్యలో నలభై నిమిషాలే వ్యవధి. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి సామాను లెక్క చూసుకున్నాను. ట్రంకు పెట్టెలు రెండు, సూట్‌కేసులు రెండు, హోల్డాలు, మంచినీళ్ళ కూజా, ప్లాస్కు, కారియరు, పళ్ళబుట్ట, పెళ్ళికూతురికి పెట్టే చీరల పెట్టె, మా అత్తగారి చేతిసంచి. మొత్తం పదకొండు శాల్తీలు. పదకొండూ సరిపోయాయి. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగి చూద్దును గదా, నాలుగేళ్ళ మా అబ్బాయి లేడు!

మావారు వాడు నా దగ్గర ఉన్నాడనుకున్నారు. నేను అత్తగారి వేలు పట్టుకుని నడుస్తున్నాడనుకున్నాను. అత్తగారు మామగారి వెంట కుళాయి దగ్గరికి వెళ్ళాడనుకున్నారు. మామగారికి ఆ సంగతి ఎవరూ చెప్పనే లేదు.

ఇరవై నిమిషాలకి దొరికాడు. ఆ ఇరవై నిమిషాలూ ఎలా గడిచాయో రాయడానికి నాకిప్పటికీ చెయ్యి ఆడదు. ప్లాట్‌ఫారం ఆ చివర, పుస్తకాల దుకాణం పక్కన, రంగురంగుల దీపాలు తిరిగే బరువు చూసే యంత్రం ఎదట నిలబడి ఉన్నాడు. చేతిలో సగం తిన్న అరటిపండు. పక్కన ఎర్రచొక్కా పోర్టరు ఒకాయన కాపలా. ఈలోగా మా బండి కాస్తా వెళ్ళిపోయింది. ముహూర్తం అందలేదు, భోజనాల వేళకి చేరాం. మా అత్తగారు ఆ తర్వాత పదేళ్ళపాటు ప్రతి పెళ్ళిలోనూ ఈ కథ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ తప్పు నాదే అయ్యేది.

ఇప్పుడు నాకు అరవై ఏడు దాటాయి. పిల్లలతో ప్రయాణమంటే మా అమ్మాయీ, దాని స్నేహితురాళ్ళూ "అమ్మో, వీళ్ళు పెద్దవాళ్ళయ్యాక చూద్దాంలే" అంటుంటే వింటున్నాను. పెద్దవాళ్ళయ్యాక వాళ్ళు మనతో రారు, అది వేరే సంగతి. 2024 నవంబరులో, మనవరాలికి పదకొండో నెల రాగానే పుట్టువెంట్రుకలు తీయించడానికి రాజమండ్రి నుంచి తిరుమల ప్రయాణం పెట్టుకున్నాం. మా అమ్మాయి, అల్లుడు గారు, అయిదేళ్ళ మనవడు, పాప, మేనమామ హోదాలో మా అబ్బాయి, నేను. ఆ ప్రయాణంలో నాకు తెలిసివచ్చినవీ, మా అమ్మ దగ్గర నేర్చుకున్నవీ, తప్పు చేసి నేర్చుకున్నవీ కలిపి చెబుతాను.

మొట్టమొదట శాల్తీల మాట. ఎన్ని వస్తువులు తీసుకువెళ్ళాలీ అని లెక్క వేయకండి. ఎన్ని చేతులున్నాయీ అని లెక్క వేయండి. మాకు పెద్దవాళ్ళం నలుగురం, ఎనిమిది చేతులు. అందులో ఒక చేయి పాపకి, ఒకటి మనవడికి ఎప్పుడూ ఖాళీగా ఉండి తీరాలి. నా మోకాళ్ళ నొప్పి వల్ల నావి రెండూ లెక్కలోకి రావు. మిగిలినవి నాలుగు. అందుకని నాలుగే శాల్తీలు. మా అమ్మాయి మొదట పరిచిన సామాను చూస్తే కాపరం ఎత్తేస్తున్నామా అనిపించింది. సగం తీసి బీరువాలో పెట్టించాను. పిల్లల బట్టలు మాత్రం తగ్గించనివ్వలేదు. పాపకి మూడు జతలు, తల్లికి ఒక అదనపు జత ఒక చేతిసంచిలో పైనే ఉంచాం. బిడ్డ కక్కినప్పుడు బిడ్డ బట్టలు అందరికీ గుర్తుంటాయి. తల్లి చీర సంగతి ఎవరికీ గుర్తుండదు.

రెండోది, ఏ నిమిషంలో ఏ బిడ్డ ఎవరి పూచీయో నోటితో చెప్పుకోవడం. "అందరం చూస్తున్నాం గదా" అంటే ఎవరూ చూడటం లేదన్నమాట. 1987లో మా కొంప ముంచింది ఆ మాటే. ఈసారి నేను కాస్త కఠినంగానే ఉన్నాను. "బాబు నీకు" అని అల్లుడు గారికి చెబితే, "బాబు నాకు" అని ఆయన తిరిగి అనాల్సిందే. పాపం, మొదటి రెండుసార్లు నవ్వారు. తాడేపల్లిగూడెం దాటేసరికి ఆయనే మా అబ్బాయితో "బావగారూ, బాబు మీకు" అని అప్పగించి కాళ్ళు చాపుకున్నారు. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. బిడ్డ పూచీ లేనివాళ్ళు నిజంగా విశ్రాంతి తీసుకోవచ్చు. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని గంటసేపు ఏ పనీ చేయకుండా బయటికి చూస్తూ ఉండిపోయింది. పిల్లలు పుట్టాక అట్లా కూర్చోవడం ఇదే మొదటిసారిట.

బయల్దేరే ముందు ఇంటి గుమ్మంలో పిల్లలిద్దరికీ సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాం. అందం కోసం కాదు. తప్పిపోతే ఏ రంగు చొక్కా అని అడుగుతారు, ఆ కంగారులో తల్లికి తన బిడ్డ చొక్కా రంగు గుర్తురాదు. నాకు రాలేదు. మనవడి జేబులో ఫోను నంబర్లు రెండు రాసిన చీటీ పెట్టాం. వాడికి ఒక్కటే మాట నేర్పాం: మేం కనబడకపోతే ఎటూ నడవకు, ఉన్నచోటే నిలబడు, వెతకడం మా పని. రైలులో ఏ ఆపద వచ్చినా 139, పిల్లల సహాయానికి 1098. ఈ రెండు నంబర్లూ పెద్దవాళ్ళందరి ఫోనుల్లోనూ ఉండాలి.

టిక్కెట్ల సంగతి చాలామందికి తికమకగానే ఉంది. అయిదేళ్ళు నిండని బిడ్డకి బెర్తు అడగకపోతే టిక్కెట్టు అక్కరలేదు. అయిదు నుంచి పన్నెండు లోపు వాళ్ళకి సగం చార్జీతో బెర్తు ఇచ్చే పాత పద్ధతి 2016లో పోయింది. ఇప్పుడు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. మా అల్లుడు గారు సగం చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. నిద్రలో కాళ్ళు తన్నుకునే అయిదేళ్ళవాణ్ణి పక్కలో వేసుకుని రాత్రంతా జాగారం చేసిన మనిషి మర్నాడు కొండ మీద ఎవరికీ పనికిరాడు. ఆ సగం డబ్బూ ఇంకెక్కడైనా మిగిల్చుకోవచ్చు.

తిండి విషయంలో మా అమ్మని మించినవాళ్ళని నేను చూడలేదు. 1960లలో మమ్మల్ని నలుగురు పిల్లల్ని వెంటేసుకుని బొగ్గు బండిలో పుట్టింటికి ప్రయాణం చేసేది. ఇంజను నలుసులు కంట్లో పడి మేం ఏడుస్తుంటే కొంగు ముడిచి నోటితో ఊది కాపడం పెట్టేది. ఆవిడ దద్దోజనం రహస్యం చెబుతాను. పెరుగుతో కలిపితే మూడు గంటలకే పులిసిపోతుంది, పిల్లలు ముట్టుకోరు. అన్నం మెత్తగా వండి, చల్లార్చి, కాచి ఆరిన పాలు బాగా పోసి, పెరుగు ఒక్క చెంచాడే వేసి కలిపేది. తినే వేళకి అదే తోడుకుని కమ్మగా ఉండేది. నేనూ అట్లాగే కలిపి పట్టుకెళ్ళాను. పెద్దవాళ్ళకి పులిహోర. మనవడికి నెయ్యి రాసిన ఇడ్లీలు, కారం లేకుండా. రెండు డబ్బాల నిండా చేగోడీలూ సున్నుండలూ. పాలకోవా, తీపి మిఠాయిలూ మాత్రం వద్దు. దాహం, ఆ పైన అరగంటకోసారి మరుగుదొడ్డి ప్రయాణం, అదంతా ఎవరు పడతారు? అన్నట్టు, వాడిన డయపర్లు ఆ మరుగుదొడ్డిలో పడేయకండి, గొట్టాలు మూసుకుపోతాయి. పాత వార్తాపత్రికలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.

మందుల్లో జ్వరానికి వైద్యుడు బిడ్డ బరువుని బట్టి రాసిచ్చిన సిరపు, ధర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటే చాలు. ఓఆర్ఎస్ అంటే ఒక ముక్క చెప్పాలి. అదే పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు అట్టపెట్టెల్లో చాలాకాలం అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ. విరేచనాలు పట్టుకున్న బిడ్డకి అవి మేలు చేయకపోగా కీడు చేస్తాయి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీనిమీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్లాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న పొట్లమే కొనండి. దానిమీద ఎన్ని నీళ్ళలో కలపమని రాసి ఉంటుందో అన్ని నీళ్ళలోనే కలపండి.

ఇక బండి ఎక్కాక పిల్లలకి పొద్దు ఎట్లా పోతుంది? రాజమండ్రి వాళ్ళకి ఆ చింత మొదటి గంట ఉండదు. బండి కదలగానే గోదావరి. నా చిన్నతనంలో హేవలాక్ వంతెన మీదుగా వెళ్ళేవాళ్ళం. దానికి 56 ఖానాలు. లెక్కపెడదామని మొదలుపెట్టి నేను ఎప్పుడూ ముప్ఫై దగ్గరో నలభై దగ్గరో తప్పేదాన్ని. 1900 నుంచి 1997 దాకా బళ్ళు మోసి అది విశ్రాంతి తీసుకుంది. దాని తర్వాత వచ్చిన విల్లుల వంతెనకి 28 ఖానాలు, సరిగ్గా సగం. మా బండి దానిమీదే వెళ్ళింది. మనవడు 26 లెక్కపెట్టి, రెండు గోదావరిలో పడిపోయాయన్నాడు. నాణెం వేస్తానని గొడవ చేస్తే అద్దాల కిటికీ గదా, ఎట్లా? చేతిలో పట్టుకుని దండం పెట్టించి, దిగాక హుండీలో వేద్దువుగాని అన్నాను.

తర్వాత స్టేషను పలకలు. పసుపుపచ్చ పలక మీద నల్లటి పెద్ద అక్షరాలు. అయిదేళ్ళవాడికి అంతకంటే మంచి వాచకం లేదు. కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు. బండి ఆగినచోట చదవడం, ఆగనిచోట ముందే ఊహించడం. ఏ ఊరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయో వేళ్ళ మీద లెక్క. తాడేపల్లిగూడెం ఆరు అక్షరాలతో ఆ రోజు నెగ్గింది. సెల్‌ఫోను మాట అడుగుతారేమో, నేను దానికి శత్రువుని కాను. కానీ అది ఆఖరి అస్త్రం. మొదటి గంటలోనే ప్రయోగిస్తే తర్వాత ఇంక మీ చేతిలో ఏమీ ఉండదు.

ఇంకొక ఉపాయం. వాడికి పది రూపాయల కాగితాలు పది ఇచ్చి, దారిలో ఏం కొనుక్కున్నా ఇందులోంచే అన్నాను. అంతవరకూ కనిపించిన ప్రతిదీ కావాలన్నవాడు ఒక్కసారిగా పరమ లోభి అయిపోయాడు. వేరుశనగకాయలవాడితో బేరమాడటం చూసి పెట్టెలో అందరూ నవ్వారు. అయితే తిరుపతిలో ఇరవై రూపాయలు పోసి ఒక ఈల కొన్నాడు. ఆ సంగతి ముందుగా ఆలోచించనందుకు నన్ను మా అల్లుడు గారు ఏమీ అనలేదు గాని, ఆ ఈల రెండోరోజు నుంచి కనబడలేదు.

చంటిబిడ్డ నిద్ర ఒక్కటే అసలైన పరీక్ష. మా అమ్మ పగటిపూట పై బెర్తుల గొలుసులకి పాత చీర కట్టి ఉయ్యాల వేసేది, చేత్తో పట్టుకుని పక్కనే కూర్చునేది. రైల్వేవారు 2022 మే నెలలో లక్నో మెయిల్లో కింది బెర్తు పక్కన మడతపెట్టే చంటిపిల్లల బెర్తు అమర్చి చూశారు. ఆ కబురు పేపర్లో చదివినప్పుడు మా అమ్మే గుర్తొచ్చింది. మేం ఉయ్యాల జోలికి పోలేదు. కింది బెర్తు మీద మా అమ్మాయి రోజూ కట్టి విడిచిన మెత్తటి చీర ఒకటి పరిచాం. ఆ వాసనకి పాప ఇల్లే అనుకుంది కాబోలు, పదింటికల్లా పడుకుంది. తల్లిపక్కన గోడవైపు బిడ్డ, ఇవతల అంచున తల్లి. మధ్య బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వాల్చుకోవచ్చని నియమం. ఆ పదింటి లోపలే పిల్లల తిళ్ళూ, బట్టలు మార్చడాలూ అయిపోవాలి. తర్వాత వంగి పనిచేస్తే నడుములు పడిపోతాయి.

తెల్లవారుజామున తిరుపతిలో దిగాం. అక్కడ మా అల్లుడు గారు వెంటనే కొండెక్కేద్దామన్నారు. ఆగమన్నాను. పిల్లలతో వెళ్ళేవాళ్ళు సామాన్యంగా చేసే పొరపాటు ఇదే. పెద్దవాళ్ళం ఒక్కళ్ళమే వెళ్తే ఒక్కరోజులో అయ్యే పనికి పిల్లలతో రెండు రోజులు పడుతుంది. ఆ రెండోరోజు సెలవు ముందే పెట్టుకుంటే యాత్ర, పెట్టుకోకపోతే పరుగుపందెం. గదిలో స్నానాలు చేసి, పిల్లల్ని రెండు గంటలు నిద్రపోనిచ్చి, పది దాటాక బస్సెక్కాం. మెట్లదారిన నడుద్దామన్న ముచ్చట మా అబ్బాయికి ఉంది గాని, మూడున్నర వేల పైచిలుకు మెట్లు చంటిదానితో కుదిరే పని కాదు. పైగా 2023లో ఆ దారిలో చిరుతపులి ఒక పసిపాపని పొట్టనపెట్టుకుంది. దాంతో మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని ఆ దారిన పంపకూడదని దేవస్థానం వారు కట్టడి చేశారు. నడిచి ఎక్కదలచినవాళ్ళు అప్పటి నియమం ఏమిటో కింద కనుక్కుని మరీ బయల్దేరాలి.

ఘాటు రోడ్డు మలుపుల్లో పిల్లలు కక్కుతారని అందరికీ తెలుసు. ఎందుకో తెలిస్తే సగం ఉపాయం తట్టినట్టే. కన్ను బస్సులోపలి సీటుని చూసి కదలటం లేదంటుంది. చెవిలోపల తూకం చూసే భాగం తిరుగుతున్నామంటుంది. ఈ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. అందుకని బిడ్డని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా రోడ్డుకేసి చూపించండి. పుస్తకం, సెల్‌ఫోను వద్దు. కడుపు నిండా పాలు వద్దు, పరగడుపూ వద్దు, ఒక ఇడ్లీ చాలు. రెండేళ్ళలోపు వాళ్ళకి ఈ బాధ తక్కువే. మా పాప నిద్రపోయింది. మనవడు ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు ఎటు తిప్పితే అటు తనూ తిప్పుతూ కొండ ఎక్కించేశాడు. కక్కింది మా అబ్బాయి ఒక్కడే, వెనక సీట్లో ఫోను చూసుకుంటూ.

కల్యాణకట్టలో మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, ముందు మూడు కత్తెర్లు వాడిచేత వేయించాం. పాప ఏడుస్తుందని తెలిసిందే. అంతకుముందు పావుగంట తల్లి పాలిచ్చింది. పాలు తాగిన వెంటనే కాక కాస్త ఆగి కూర్చోబెట్టాం, లేకపోతే ఏడుపులో కక్కుకుంటుంది. క్షురకుణ్ణి కొత్త బ్లేడు వేయమన్నాం. గోరువెచ్చటి నీళ్ళు పోసి, గంధం పూసి, మెత్తటి నూలు టోపీ పెట్టాం. నవంబరులో కొండ మీద చలి, బోడిగుండు. టోపీ మరిచిపోకండి.

ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకి దర్శనానికి ప్రత్యేక ప్రవేశం ఉంది. బిడ్డ పుట్టిన ధ్రువపత్రం, పెద్దవాళ్ళ ఆధార్ కార్డులూ చూపాలి. వేళలు మారుతుంటాయి గనుక ముందురోజే కనుక్కోవాలి. మా అమ్మాయీ అల్లుడు గారూ పాపతో ఆ దారిన వెళ్ళారు. మా అబ్బాయీ నేనూ మనవడితో బయటే ఉండిపోయాం. మా వంతు మర్నాడు. అందరూ ఒకేసారి వెళ్ళాలన్న పట్టుదల విడిచిపెడితే ఎన్ని ఇబ్బందులు తప్పుతాయో!

ఒక చెట్టుకింద కూర్చున్నాం. మనవడికి పొద్దుపోక, "మావయ్యా, నువ్వు చిన్నప్పుడు తప్పిపోయావుట గదా" అని అడిగాడు. నా గుండె కలుక్కుమంది. ముప్ఫై ఏడేళ్ళలో ఆ మాట నేను వాడి దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

మా అబ్బాయి నవ్వాడు. "నేను తప్పిపోలేదురా. అక్కడ దీపాలు తిరిగే బరువు యంత్రం ఉంది. దాన్ని చూద్దామని అమ్మమ్మని మూడుసార్లు పిలిచాను. అమ్మమ్మ పెట్టెలు లెక్కపెడుతోంది. 'ఉండు' అంది. సరే, చూసొద్దామని నేనే వెళ్ళాను. తిరిగి చూస్తే మీ అమ్మమ్మావాళ్ళే తప్పిపోయారు. పాపం, దొరికాక ఒకటే ఏడుపు."

"పోర్టరు తాత అరటిపండు ఇచ్చాడా?"

"రెండు ఇచ్చాడు. ఒకటి అప్పటికే తినేశాను."

రెండో అరటిపండు సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మనవడు కాసేపు ఆలోచించి, అట్లాంటి యంత్రం తిరుపతి స్టేషనులో ఉంటుందా అని నన్నడిగాడు. ఉందో లేదో వెళ్ళేటప్పుడు ఇద్దరం కలిసి వెతుకుదామన్నాను. "బాబు నాకు" అని మా అబ్బాయితో అని, వాడి వేలు పట్టుకుని పాపకోసం ఇంకో టోపీ కొనడానికి బజారు వైపు నడిచాను.